మట్టెవాడలో నా మొదటి, ఆఖరి పరుగు

ఒళ్లు తగ్గించుకోవాలని బయలుదేరినవాడికి మహా అయితే మోకాళ్లు పట్టేస్తాయి, నడుం పట్టేస్తుంది. ఒకే ఒక్క పరుగుతో పేటనంతా వీధిలోకి లాగి, ఒక పెద్దమనిషి గుట్టు రట్టు చేసి, చివరికి డాక్టరు చేత రెండు చేతులెత్తి దండం పెట్టించుకున్నవాడు మాత్రం వరంగల్లో నేనొక్కడినేనని గట్టి నమ్మకం. ఎవరైనా పోటీకి వస్తే సంతోషమే. ముందు నా సంగతి వినండి.

డెబ్బైల చివరి మాట. పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా అప్పుడే ముగించి, రైల్వే ఉద్యోగానికి రాత పరీక్ష పాసయ్యాను. పోస్టింగు డోర్నకల్‌లో. మా బాపు బట్టల దుకాణంలో గుమాస్తా. వచ్చిన ప్రతి గిరాకీకీ చీరకన్నా ముందు నా ఉద్యోగం విప్పి చూపించాడు. ఇక మిగిలింది మెడికల్ పరీక్ష. అక్కడ డాక్టరుగారు నన్ను బరువు మిషన్ ఎక్కించి, ముల్లు ఊగడం ఆగేదాకా ఓపిగ్గా చూశారు.

"తొంభై ఎనిమిది! తొంభై దాటితే నేను సంతకం పెట్టను. నలభై రోజులు టైమిస్తున్నా, తగ్గించుకుని రా. లేకపోతే లిస్టులో నీ కిందివాణ్ణి పిలుస్తారు."

నా కిందివాడు మా క్లాసువాడే. యాభై రెండు కిలోలుంటాడు. ఫ్యాను కింద కూర్చుంటే ఎగిరిపోతాడేమోనని పక్కనే కూర్చుని కాపాడినవాణ్ణి నేను. ఇప్పుడు వాడు నా కుర్చీలోకి ఎగిరి వచ్చేలా ఉన్నాడు.

ఇంటికి వచ్చి చెబితే అమ్మ మండిపడింది. "గా డాక్టరుకు కండ్లు కనవడ్తలేవా? నా కొడుకు ఏం లావున్నడు? జర పుష్టిగున్నడు, గంతే!"

"పుష్టి సంగతి తర్వాత" అన్నాడు బాపు. "నేను ఊరంత చెప్పుకున్న. నువ్వు తగ్గకుంటె నేను దుకాణం మారాలె, సదానందం."

ఏ కొలతనూ రెండోసారి సరిచూడకుండా నమ్మకూడదని మా ల్యాబులో నేర్పారు. అందుకని మర్నాడే మిర్చి మార్కెట్టుకు వెళ్లి, తెలిసిన హమాలీ కొమురయ్య మామను బతిమాలి, బస్తాలు తూచే కాంటా ఎక్కాను.

"డాక్టరు సరిగనే చెప్పిండు. తొంభై ఎనిమిది" అన్నాడు కొమురయ్య మామ. ఆ తర్వాత నన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు. "తరుగు తియ్యాల్నా?"

తెలియనివారి కోసం: మార్కెట్లో సరుకులో తేమ ఉందనీ, మట్టి ఉందనీ తూకంలో కొంత కోసేస్తారు. దాన్ని తరుగు అంటారు.

"తరుగు తీస్తే ఎంత మామా?"

"తొంభై ఆరు. రెండొద్దులు ఎండల ఆరబోస్తే ఇంకింత దిగుతవ్."

డాక్టరు తరుగుకు ఒప్పుకునే మనిషిలా కనిపించలేదు. అందుకని నేను శాస్త్రాన్నే నమ్ముకున్నాను. గ్రాఫు కాగితం గోడకు అంటించి, నలభై రోజుల గీత ముందే పెన్సిలుతో గీశాను. తొంభై ఎనిమిది దగ్గర మొదలై, రోజుకు రెండు వందల గ్రాముల చొప్పున తిన్నగా జారుతూ తొంభైలో దిగే గీత. అంత అందమైన గీత నా డిప్లొమా మూడేళ్లలో ఎన్నడూ గీయలేదు. దాన్ని చూస్తుంటేనే ఒళ్లు తేలికైనట్టుండేది.

తర్వాత దారి. మా ఇంటి నుంచి కంట్రోల్ దుకాణం దాకా, అంటే రేషను సరుకులిచ్చే చోటి దాకా, సైకిలు చక్రానికి గుడ్డపీలిక కట్టి చుట్లు లెక్కబెట్టాను. నాలుగు వందల చుట్లు. సుమారు తొమ్మిది వందల మీటర్లు. మిట్టపల్లాలు లేవు, కుక్కలు రెండే. దుకాణం షట్టరు ముట్టుకుని వెనక్కి తిరగాలి. నియమాలు ఏడు రాసుకున్నాను. వాటిలో నాలుగోది ముఖ్యం: పరుగులో ఎవరు పలకరించినా మాట్లాడరాదు, ఊపిరి వృథా.

ఆరో నియమం ఇంకా ముఖ్యం: చేతుల్లో బరువులుండాలి. డంబెల్స్ మన దగ్గరేవి? వంటింట్లో గ్యాసునూనె డబ్బాలు రెండు, ఐదు లీటర్లవి, ఖాళీగా పడున్నాయి. గ్యాసునూనె అంటే గ్యాసు కాదు, స్టవ్వులోకి, లాంతర్లలోకి పోసే కిరోసిన్‌నే మావైపు అలా అంటాం. రెండు డబ్బాల్లోనూ సగం దాకా ఇసుక నింపాను. ఒక్కోటి నాలుగు కిలోలు, అటూ ఇటూ పది గ్రాముల తేడా.

"నూనె వస్తె ఎట్ల రా? మంచి డబ్బాలల్ల ఇసుక పోస్తివి" అంది అమ్మ.

"మూడు వారాల సంది లేదు కదమ్మా. వచ్చిన్నాడు కడిగిస్త."

తెల్లవారి ఐదింటికి, ఖాకీ నిక్కరు, బనియను, రెండు చేతుల్లో రెండు డబ్బాలు. మనసులో ఈల వేసుకుని గడప దాటాను. నేల అదిరిందని తర్వాత కొందరన్నారు. అది అతిశయోక్తి. ఒక్క మా గడపే అదిరింది.

ఎదురింటి రాజవ్వ పెద్దమ్మ వాకిట్లో సాంపి, అదే కళ్లాపి, చల్లుతోంది. "ఏం సదానందం, గింత పొద్దుగాల ఏడికి ఉరుకుతానవ్?"

నాలుగో నియమం గుర్తొచ్చింది. నోరు విప్పకుండా కుడిచేతి డబ్బా పైకెత్తి, ముందుకు చూపించి సాగిపోయాను. వెనక చెంబు కింద పడ్డ చప్పుడైంది. నా ఆకారం చూసి జడుసుకుందనుకున్నాను.

చక్రం వంద చుట్ల దూరం పోయానో లేదో, వెనక కాళ్ల చప్పుడు. తిరిగి చూస్తే రాజవ్వ పెద్దమ్మ! కొంగు నడుముకు చుట్టి, అరవై ఏళ్ల మనిషి, నన్ను మించిన ఊపుతో వస్తోంది. ఆమె వెనక దర్జీ సాంబన్న, లుంగీ పైకి మడిచి. ఆయన వెనక ఇంకో నలుగురు.

ఆ క్షణంలో నా ఛాతీ ఎంత ఉబ్బిందో టేపుతో కొలిచి ఉండాల్సింది. మొదటి రోజే ఆరుగురు! పైగా అందరి చేతుల్లోనూ డబ్బాలు! పద్ధతిని ఇంత కచ్చితంగా పాటించే శిష్యులు ఏ గురువుకు దొరుకుతారు చెప్పండి? ఒక చిన్న లోపం మాత్రం కనబడింది. వాళ్ల డబ్బాలు ఖాళీగా మోగుతున్నాయి. ఇసుక సంగతి రేపు చెప్పాలనుకున్నాను.

ప్రతి గల్లీ మలుపులోనూ జనం కలుస్తున్నారు. తలుపులు తెరుచుకుంటున్నాయి. "లేవుండ్రి, లేవుండ్రి, సదానందం ఉరుకుతాండు!" అని ఒకామె లోపలివాళ్లను లేపుతోంది. నా పేరు చెప్పి మనుషుల్ని నిద్రలేపడం! నాకు ఆయాసం రావలసినచోట ఆనందం వచ్చింది. మట్టెవాడ వ్యాయామ సంఘం అని పేరు కూడా పెట్టేశాను, కార్యదర్శి నేను. రాజవ్వ పెద్దమ్మ మహిళా విభాగం. రబ్బరు స్టాంపు గుండ్రంగా ఉండాలా, కోలగానా అన్న ఆలోచనలో ఉండగా వెనక నుంచి సాంబన్న గొంతు వినిపించింది.

"ఎవ్వరు ముందటికి పోవద్దు! మొదటి నంబరు సదానందంది! వరుస తప్పితె మంచిగుండదు!"

ఏం క్రమశిక్షణ! కళ్లు చెమర్చాయి.

నాలుగు వందల చుట్లు పూర్తయ్యాయి. కంట్రోల్ దుకాణం షట్టరుకు చెయ్యి తగిలించి, గర్వంగా వెనక్కి తిరిగాను. ఎదురుగా పరుగు తీసే జనం లేరు. ఒక లైను ఉంది. రోడ్డు మలుపు దాటి పోయిన లైను, ఒకరి వెనక ఒకరు, చేతిలో డబ్బా, జాకెట్లోనో జేబులోనో రేషను కార్డు. దానికి నేనే తల.

నేను వెనక్కి పరుగెత్తబోతే రాజవ్వ పెద్దమ్మ బనియను పట్టుకుంది. "ఏడికి పోతానవ్ రా? లైన్లకెల్లి పోతె మల్ల జాగ ఇయ్యరు."

"ఇంటికి పెద్దమ్మా. ఇంకా తొమ్మిది వందల మీటర్లుంది."

"మరి నూనె?"

"ఏం నూనె?"

ఇక్కడ మా పేట పద్ధతి ఒకటి చెప్పాలి. నూనె వచ్చిన కబురు ముందు తెలిసినవాడు డబ్బా పట్టుకుని ఉరుకుతాడు. చూసినవాళ్లు డబ్బా తీసుకుని వాడి వెనక ఉరుకుతారు. ఆగి ఎందుకని ఎవరూ అడగరు, అడిగే లోపల లైన్లో పదిమంది వెనకబడతారు. ఆ పేటలోనే పుట్టి ఇరవై రెండేళ్లు పెరిగిన నాకు ఇది తెలియదా? తెలుసు. నా ఏడు నియమాల్లో అది రాసుకోలేదు, అంతే.

"నేను ఎక్సర్‌సైజు చేస్తున్న పెద్దమ్మా. ఒళ్లు తగ్గాలని."

"డబ్బాలెందుకు మరి?"

"బరువు కోసం." రుజువుగా మూత తీసి వంచాను. ఇసుక సర్రున జారి సాంబన్న పాదాల మీద పడింది.

సాంబన్న ఇసుకను చూశాడు, నన్ను చూశాడు. "ఉన్న బరువు సాలదా తమ్మీ? పైనుంచి ఇసుక గూడ మోస్తానవ్?"

"పాలు పొయ్యి మీద పెట్టి వచ్చిన నేను!" అని లైన్లోంచి ఒకామె అరిచింది.

"నా పోరడు తొట్లెల ఏడుస్తాండు!"

"గా రెండో డబ్బా వాని నెత్తి మీద పొయ్యున్రి!"

ఆ చివరి సలహాకు మద్దతు పెరుగుతుండగా, పై అంతస్తు కిటికీ తెరుచుకుంది. డీలరు నాగభూషణం తల బయటికి వచ్చింది. పొద్దున్నే ఐదుంబావుకు తన దుకాణం ముందు పేటంతా డబ్బాలతో నిలబడి ఉండటం చూసి ఆ తల తెల్లబోయింది. మామూలుగా అయితే "ఏంది లొల్లి?" అనాలి. ఆయన అన్న మాట వేరు.

"ఎవరు... ఎవరు చెప్పిన్రు మీకు?"

నూనె లేనివాడు అడగవలసిన ప్రశ్న అది కాదు కదా! అందరికన్నా ముందు తేరుకున్నది రాజవ్వ పెద్దమ్మే. బనియను వదలకుండానే తల పైకెత్తింది.

"ఎవరు చెప్పాల్నో వాళ్లే చెప్పిన్రు. మంచిగ కిందికి దిగి తెరుస్తవా, ఆఫీసోళ్లను పిలుచుకొచ్చి తెరిపియ్యాల్నా?"

"అట్ల గాదు రాజవ్వా, మొన్ననే దిగింది... రేపు మాపు ఇద్దామనే..."

షట్టరు లేచింది. లోపల బస్తాల చాటున మూడు డ్రమ్ములు, నిండుగా. జనం ఈలలు వేశారు. నన్ను భుజాలకెత్తుకోవాలని ఇద్దరు ముందుకు వచ్చి, దగ్గరికి వచ్చాక మనసు మార్చుకుని కరచాలనం చేశారు.

లైన్లో మొదటి నంబరు నాదే. నాగభూషణం కోపంగా చెయ్యి చాచాడు. "కార్డు?"

"ఇంట్ల ఉన్నది."

"పక్కకు జరుగు."

పేటంతటికీ నూనె దొరికింది, మా ఇంటికి తప్ప. అయినా నేను గాల్లో తేలుతూ వెళ్లాను. అసలు దుర్ఘటన ఇంకా మొదలే కాలేదని నాకేం తెలుసు?

మధ్యాహ్నానికి కథ మారిపోయింది. "చదువుకున్న పోరడు, లోపలి మాట తెల్సుకున్నడు. నోటితోని చెప్తె డీలరు చెవిల పడ్తదని, ఉత్తగ ఉరికిండు. ఇసుక గూడ గందుకే, డబ్బాలు మోగొద్దని!" నేనెంత కాదన్నా వినయమనుకున్నారు. మర్నాడు తెల్లవారి ఐదింటికి తలుపు తీసి చూస్తే, ఎదురు అరుగుల మీద పదిహేను మంది డబ్బాలతో సిద్ధంగా కూర్చుని ఉన్నారు. మూడో రోజు డబ్బాలు వదిలి ఉత్త చేతులతో బయలుదేరాను. పది అడుగులైనా వేయకముందే సంచులతో వెంటపడ్డారు, చక్కెర వచ్చిందని; అక్కడి నుంచే వెనక్కి తిరిగాను. నాలుగో రోజు వాకిట్లో నిలబడి వంగి కాలి వేళ్లు ముట్టుకోబోయాను. "ఆగున్రి, ఆగున్రి, కొంచెం సేపట్ల ఉరుకుతడు" అని ఒకాయన బీడీ వెలిగించుకున్నాడు. ఐదో రోజు నుంచి పరుగు కోసం గడప దాటలేదు.

గడప నేను దాటకపోతే ఏం, గిన్నెలు దాటాయి. ముందు రాజవ్వ పెద్దమ్మ సర్వపిండి తెచ్చింది. "నీ పుణ్యాన పొయ్యి వెలిగింది బిడ్డా. నువ్వు తినకుంటె నా మనసు ఒప్పదు." తర్వాత సాంబన్న ఇంటి నుంచి మక్క గారెలు. తర్వాత సకినాలు, అరిసెలు, పూర్ణం బూరెలు. వచ్చిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపడం మా అమ్మకు చేతకాదు. ఆమె మురుకులు చేసి పంపింది. అవి అందుకున్నవాళ్లు ఊరుకుంటారా? మళ్లీ గారెలు. ప్రతి గిన్నె వెనకా ఒక మనిషి, నేను చివరి ముక్క మింగేదాకా కదలకుండా.

"అమ్మా, నా ఉద్యోగం పోతది!"

"ఒక్క గారెకు ఉద్యోగం పోతదా? తిను!"

గోడ మీద గ్రాఫులో పెన్సిలు గీత కిందికి జారుతుంటే, కొమురయ్య మామ కాంటా లెక్కన నా అసలు గీత రాకెట్టులా పైకి లేస్తోంది. ఇరవయ్యో రోజున కాగితాన్ని తలకిందులుగా అంటించాను. చూపుకు కొంత ఊరట. ముప్పై ఐదో రోజున బాపు దాని ముందు చాలాసేపు నిలబడి, "నేను వేరే దుకాణంల అడిగి పెడ్త" అని వెళ్లిపోయాడు.

నలభయ్యో రోజు. డాక్టరుగారు మిషన్ ముల్లు చూశారు. నన్ను దిగమని, మళ్లీ ఎక్కమన్నారు. కళ్లద్దాలు తుడుచుకున్నారు.

"నూట ఒకటిన్నర. ఎనిమిది తగ్గించుకుని రమ్మంటే మూడున్నర పెంచుకుని వచ్చావు. నలభై రోజులు ఏం చేశావయ్యా?"

"ఎక్సర్‌సైజు సార్."

"ఎన్ని రోజులు?"

అబద్ధం చెప్పే అలవాటు లేదు. "ఒక్క రోజు సార్." మొత్తం చెప్పాను, చుట్ల లెక్కతో సహా. ఆయన కంపౌండరు నవ్వలేక గదిలోంచి బయటికి పోయాడు. డాక్టరుగారు నవ్వలేదు. లేచి నిలబడి, రెండు చేతులూ జోడించారు.

"బాబూ, ఒక్క రోజుకే మూడున్నర కిలోలు! ఇంకో రెండు నెలలు గడువు రాస్తున్నాను, ఇదే ఆఖరు. నీకు దండం పెడతాను, ఈ రెండు నెలలూ దయచేసి ఎక్సర్‌సైజు మాత్రం చెయ్యకు!"

వైద్యుడి మాట అక్షరాలా పాటించాను. పాలంపేట దగ్గర మా మేనమామ ఊరికి పోయి దాక్కున్నాను. అప్పుడు నాట్ల కాలం. మోకాటి లోతు బురదలోంచి ఒక కాలు పీకేసరికి రెండోది దిగబడేది. పొద్దంతా నారు మోశాను, రాత్రికి గటక, అంటే జొన్న సంకటి, తిని పడుకున్నాను. అది వ్యాయామం కాదు, మామ చెప్పిన పని. రెండు నెలలకు ఎనభై తొమ్మిదిన్నర. డాక్టరుగారు సంతకం పెట్టారు. బాపు దుకాణం మారలేదు.

ఇప్పుడు డోర్నకల్‌లో ఉంటూ, పూర్తి స్పృహతో, పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఏ ఊళ్లోనూ, ఏ కారణం చేతనూ, నలుగురు చూస్తుండగా పరుగెత్తను. వాన వచ్చినా సరే, ఎద్దు తరిమినా సరే, నడుస్తాను. ఈ ప్రమాణం పుణ్యమా అని ఇప్పటికి మూడు రైళ్లు నా కళ్ల ముందే కదిలి వెళ్లిపోయాయి. రైల్వే ఉద్యోగిని కాబట్టి, మూడుసార్లూ ప్లాట్‌ఫారం మీద నిలబడి, సరిగ్గా టైముకే బయలుదేరిందని డైరీలో రాసుకున్నాను.