రైలును దాటిన మోటారు సైకిలు

అరవైల చివరి మాట. చీపురుపల్లి స్టేషన్లో విజయనగరం వెళ్లే పాసింజరు కోసం చూస్తున్నాను. స్టేషను బయట ఒక రైతు పాత మోటారు సైకిలు ముందు గొంతుక్కూర్చుని, కలకత్తా నుంచి అప్పుడే పార్సెల్లో వచ్చిన కొత్త కార్బురేటరు బిగిస్తున్నాడు. యుద్ధకాలంలో మిలిటరీ వాళ్లు వాడి వదిలేసిన బండి అది. పిస్టన్ మార్చి, సిలిండర్ బోరు పెద్దది చేయించి, ఏళ్లుగా దానితోనే కుస్తీ పడుతున్నాడట. పక్కన అతని భార్య స్పానరు పట్టుకుని నిలబడి ఉంది.

"ఊరంతా తుక్కుకి అమ్మెయ్మంతన్నారు బాబూ. ఈయనేమో రైలుని దాటేస్తాదంతన్నాడు," అంది నాతో.

"దాటకపోతే రేపే అమ్మెస్తాను. ముందు నువ్వెక్కి కూకో," అన్నాడతను తలెత్తకుండానే భార్యతో.

రైలొచ్చింది. నేనెక్కి కిటికీ దగ్గర కూర్చున్నాను. రైలు కదిలినా అతనింకా కిక్కు కొడుతూనే ఉన్నాడు. బండి అంటుకోలేదు. నా మనసు చివుక్కుమంది.

ఊరు దాటాక రోడ్డు పట్టాల పక్కకి వచ్చింది. వెనకనుంచి ధడధడమని చప్పుడు. దుమ్ములోంచి ఆ బండి వచ్చి మా పెట్టెతో సమానంగా పరిగెత్తింది. వెనక కూర్చున్న ఆమె నన్ను గుర్తుపట్టి, చెయ్యి పైకెత్తి, "సూడండి బాబూ, సూడండి!" అని కేకేసింది. బండి ఒక్కో పెట్టెనే దాటుకుంటూ పోయి, చివరికి ఇంజనును కూడా వెనక్కి నెట్టేసింది. పెట్టెలో జనం చప్పట్లు కొట్టారు. నేను కిటికీ చువ్వలు పట్టుకుని గొంతు చించుకుని అరిచాను.

అప్పటిదాకా నలుగురిలో గొంతెత్తిన మనిషిని కాను. ఆ తర్వాత మళ్లీ అంత నెమ్మదస్థుణ్ణి కాలేకపోయాను.