అవ్వ ఫోన్ ఎత్తిన మధ్యాహ్నం

సుల్తానాబాద్‌లో మా ఇంట్లో మధ్యాహ్నం అన్నాలయ్యాక అవ్వ ఫోన్ మోగిందంటే అది ఖానాపూర్ నుంచి పెద్దమ్మే. అవ్వంటే మా అమ్మ; పెద్దమ్మ ఆమెకు సొంత అక్క. ఆ పూట వండిన కూరతో మొదలుపెట్టి వాడకట్టు కబుర్లన్నీ అయ్యేదాకా ఇద్దరూ ఫోన్ వదిలేవాళ్లు కాదు.

పోయిన వానాకాలంలో అవ్వ కుడిచెయ్యి వణకడం మొదలైంది. మందులు వాడుతున్నా వణుకు పూర్తిగా పోలేదు. ముద్ద ఎలాగో నోటిదాకా తెచ్చుకునేది గానీ ఫోన్‌తో మాత్రం వేగలేకపోయింది. ఎత్తాలంటే తెర మీద వేలు కుడివైపు జరపాలి. ఆమె వేలు వణికి ఎడమవైపు జారేది. ఫోన్ కట్టయ్యేది. సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చి కలిపిస్తే, అప్పటికే అలిగిన పెద్దమ్మ ఎత్తేది కాదు.

"చెయ్యి ముచ్చట అక్కకు చెప్పకు. పరేషాన్ అయితది, తిండి మానేస్తది" అని అవ్వ నాతో ఒట్టు వేయించుకుంది.

చివరికి పెద్దమ్మ నాకే ఫోన్ చేసింది. "మీ అవ్వకు నేను బరువైతున్ననా? చేసినప్పుడల్లా కట్ చేస్తది. ఇగ నేను చెయ్య."

ఒట్టు దాటలేక, "ఫోనే సరిగ్గా పనిజేస్తలేదు పెద్దమ్మా, బాగుచేస్త" అని సర్దిచెప్పాను.

ఆ ఆదివారం అవ్వ ఫోన్ ముందేసుకుని సెట్టింగ్స్ అన్నీ వెతికాను. యాక్సెసిబిలిటీ అన్నచోట దొరికింది. తెర ముట్టుకోకుండా, పక్కనుండే సౌండ్ పెంచే బటన్ ఒత్తితే చాలు, కాల్ కలుస్తుంది. ఎవరు చేస్తున్నారో పేరు కూడా పైకి చదువుతుంది. రెండూ ఆన్ చేసి, నా ఫోన్ నుంచి చేసి చూపించాను. అవ్వ ఎడమచేతి బొటనవేలితో ఒత్తింది.

"గింతేనా? జరుపుడు లేదా?"

"లేదే అవ్వా. ఒత్తు, మాట్లాడు."

పెద్దమ్మను బతిమాలి ఇంకొక్కసారి చెయ్యమన్నాను. కాసేపటికి, అవ్వ పక్కింటావిడతో కలిసి వరండాలో చింతపండు గింజలు తీస్తుండగా ఫోన్ "అక్క" అని పలికింది. అవ్వ గబగబా బటన్ ఒత్తింది. రింగు ఆగిపోయేసరికి ఎప్పటిలాగే కట్టయిందనుకుని, ఫోన్ చాప మీద పెట్టేసి ఏడ్చింది.

"మా అవ్వ పోయినంక నన్ను సంకనేసుకొని సాదింది అక్కనే. గిప్పుడు గీ వణికే చెయ్యితోని ఆమె ఫోన్ ఎత్తనీకి నాకు చాతనైతలేదు" అంది పక్కింటావిడతో.

చాప మీంచి పెద్దమ్మ గొంతు వినబడింది. ఆమె గొంతు అసలే పెద్దది. "చెల్లె! నీ చెయ్యికేమైందే?"

అవ్వ ఉలిక్కిపడింది. "అక్కా! నువ్వు ఫోన్లనే ఉన్నవా?"

"అంత ఇన్న. నాకు చెప్పకుంట దాస్తవా? ఉత్తగనే నీ మీద కోపం చేస్తిని గదనే!"

నేను బయటికి వచ్చేసరికి అవ్వ ఏడుస్తూనే నవ్వుతోంది. పక్కింటావిడ కొంగుతో కళ్లొత్తుకుంటోంది.

మర్నాడే పెద్దమ్మ బస్సు దిగింది. వారం రోజులు అవ్వ పక్కనే కూర్చుంది, పక్కనే పడుకుంది. వెళ్లేముందు తన ఫోన్ నా చేతిలో పెట్టింది.

"నాది గూడ గట్లనే చెయ్యి బిడ్డా."

"నీ చెయ్యి మంచిగనే ఉంది గద పెద్దమ్మా?"

"ఉంటేంది? చెల్లె చేస్తే చెల్లె అని చెప్పాలె."

అలాగే పెట్టిచ్చాను. అవ్వ ఫోన్ చేస్తే ఇప్పుడు పెద్దమ్మ వెంటనే ఎత్తదట. ఫోన్ "చెల్లె" అనడం ఇంకోసారి విన్నాకే బటన్ ఒత్తుతుందట.