ఒడిలో బలపాలు

మా కోడలు కడుపుతో ఉన్నన్నాళ్లూ సూర్యాపేటలోని మా ఇంట్లో పొయ్యి వెలగలేదనీ, మిర్యాలగూడ రైసుమిల్లులో పనిచేసే నా కొడుకు ఇంటికొస్తే వాకిట్లోనే బకెట్లకొద్దీ నీళ్లు గుమ్మరించి లోపలికి రానిచ్చేదనీ చాలామందికి చెప్పాను. నిజానికి పొయ్యి వెలిగింది. అన్నం ఉడికే వాసన ఆమెకు పడక నేనే వండాను. కొడుకు చొక్కాకు ఉడకబెట్టిన వడ్ల వాసన ఉండేది. ఆమె ముక్కు మూసుకుని అవతలి గదిలోకి వెళ్లేది, అంతే. తర్వాత అక్కడే కూర్చుని, ఎందుకో తనకే తెలియకుండా ఏడ్చేది.

నా భార్య పోయాక ఇంట్లో కోడలికి ఆడతోడు లేదు. కొడుకు వారానికోసారి వచ్చేవాడు. అందుకే ఆమె ఒకరోజు తలుపు పట్టుకుని నా ముందు నిలబడింది.

“మామయ్యా, నవ్వద్దు మరి. పలక మీద రాసే బలపం తినబుద్ధయితుంది. జర తెచ్చిస్తరా? ఎవ్వరికీ చెప్పకుండ్రి.”

చెప్పనని ఒట్టు పెట్టాను. తెచ్చిచ్చాను. ఒక ముక్క కొరికి, మిగిలినవి చున్నీ కొసన ముడేసుకుంది.

శ్రీమంతం కోదాడలో, ఆమె పుట్టింట్లో. తను ముందే వెళ్లింది. మా చెల్లెతో, చుట్టాలతో నేను కారులో బయలుదేరాను. మునగాల దగ్గర టీకి ఆగాం. గ్లాసు చేతికి రాగానే నా నోరు ఆగలేదు.

“మా కోడలు డబ్బాడు బలపాలు కరకర నమిలింది! ఇగ పుట్టేటోడు పలక పట్టుకొనే పుడతడు.”

మా చెల్లె పడీపడీ నవ్వింది. “జర ఆగు అన్నా, నీ కోడలి పని చెప్తా” అంటూ పక్క దుకాణంలోకి వెళ్లింది. ఎందుకో నాకు తెలుసు. ఆపలేదు.

కోదాడలో గాజులు తొడిగారు. పండ్లతో ఒడి నింపుతున్నారు. మా చెల్లె వంతు రాగానే పండ్లకు బదులు బలపాల డబ్బా బోర్లించింది.

“తిను బిడ్డా! మీ మామ సంపాదనంత దీనికే పాయె!”

ఇల్లంతా గొల్లుమంది. “ఊరుకోండి వదినా, పిల్ల బాధపడుతుంది” అంది వాళ్లమ్మ. కోడలు ఏడవలేదు. అంతమందిలో నన్ను వెతికి చూసింది. నేను చెప్పులు వెతుక్కుంటున్నట్టు వంగాను.

తర్వాతి డాక్టరు పరీక్షకు కోడలు సూర్యాపేట వచ్చింది. కొడుక్కి సెలవు దొరక్క నేనే దవాఖానకు తోడెళ్లాను. రక్తం బాగా తక్కువగా ఉందని డాక్టరమ్మ అడిగింది: “మట్టి, బలపాలు లాంటివి తింటున్నావా?”

“లేదు మేడం.”

అంతమందిలో నవ్వులపాలు చేసి ఆ అబద్ధం నేర్పింది నేనే. “తింటది డాక్టరమ్మా. రోజుకో ముక్క” అన్నాను.

డాక్టరమ్మ నవ్వలేదు. రక్తం తక్కువైనవాళ్లలో కొందరికి ఇలాంటి కోరికలు పుడతాయని చెప్పి మాత్రలు రాసింది.

ఆటోలో కోడలు బయటికి చూస్తూ అడిగింది: “గీడ ఒక్క ముక్కన్నరు. గాడ డబ్బా అని ఎందుకన్నరు మామయ్యా?”

నేను మందుల చీటీ మడతపెట్టి జేబులో పెట్టుకున్నాను.

మనవరాలు పుట్టింది. ఇద్దరూ బాగున్నారు. మా కోడలు ఏ మాటైనా ముందు నాకే చెబుతుందని టీకొట్టు దగ్గర ఇప్పటికీ గొప్పలు పోతుంటాను. బజారుకు బయలుదేరినప్పుడల్లా గుమ్మంలో ఆగి అడుగుతాను.

“నీకేమన్న తేవాల్నా బిడ్డా?”

“ఏం వద్దు మామయ్యా.”