ఎర్ర షట్టరు, నీలి షట్టరు

మేడ్చల్ మెయిన్ రోడ్డు మీద వజ్ర మోటార్స్ షోరూములో శోభారాణి చాలా ఏళ్లుగా బండ్లు అమ్ముతోంది. నిజానికి ఆమె వజ్ర బండ్లను అమ్మిందానికంటే ధ్రువ బండ్లను కొననివ్వకుండా చేసిందే ఎక్కువ. ఆ రెండు కంపెనీలూ ఆగర్భ శత్రువులు. ఒకరు టీవీలో గుర్రాన్ని చూపిస్తే ఇంకొకరు ఆ గుర్రం వెంట పడే చిరుతను చూపించేవారు.

గిరాకీ వచ్చి, బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "ధ్రువోళ్లది గూడ సూసొచ్చిన అక్కా" అన్నాడంటే శోభారాణి తిట్టేది కాదు. తిట్టడం పనికిరాని వాళ్ల పద్ధతి. ఆమె చిన్నగా నిట్టూర్చేది.

"మా ఆడబిడ్డ పెనిమిటి గదే తీస్కున్నడు. మంచిగనే ఉన్నడు పాపం. నడుసుకుంట పోతుండు," అనేది.

శోభారాణికి ఆడబిడ్డ లేదు. భర్త శివ తల్లిదండ్రులకు ఒక్కడే సంతానం. అయినా ఆ లేని ఆడబిడ్డ మొగుడి పుణ్యమా అని షోరూము నెలనెలా పచ్చగా ఉండేది.

తమాషా ఏమిటంటే, పదేపదే చెప్పగా చెప్పగా ఆమెకే ఆ మాట మీద గురి కుదిరిపోయింది. చెల్లెలు శైలజను చూసుకోవడానికి వచ్చిన పిల్లగాడు ధ్రువ బండి మీద దిగాడని, పెళ్లిచూపుల్లో ఆమె అందరికీ ఛాయ్ పోసి అతనికి మాత్రం మంచినీళ్లు ఇచ్చింది. శైలజ అతన్నే చేసుకుని గాజులరామారంలో కాపురం పెట్టింది. చెల్లెలింటికి పోయినప్పుడు మరిది ఎన్నిసార్లు దింపుతానన్నా శోభారాణి పేట్ బషీరాబాద్‌లోని తన ఇంటికి బస్సులోనే వచ్చేది. బస్సు దొరక్కపోతే స్టాపులో నిలబడేది. నమ్మకం అంటే అలా ఉండాలి.

అలాంటి మనిషిని యజమాని రాఘవేందర్ ఒక పొద్దున పిలిచి, చేతిలో మైసూర్‌పాక్ పెట్టాడు.

"శోభా, మనకు ధ్రువ డీలర్‌షిప్ గూడ వచ్చింది," అన్నాడు.

ఆమెకు మైసూర్‌పాక్ గొంతులో అడ్డం పడింది. అతను చెప్పుకుపోయాడు. పైన పెద్ద పెద్ద వాళ్లు చేతులు కలిపారట. ధ్రువ దగ్గర ఫ్యాక్టరీ ఉంది, వజ్ర దగ్గర మంచి ఇంజన్ ఉంది. ఇద్దరూ విడివిడిగా ఖర్చు పెట్టుకోవడం దేనికని, ఒకే బండి తయారుచేసి చెరో పేరూ పెట్టుకుంటున్నారు. ఇటు వజ్ర షంషేర్, అటు ధ్రువ చీతా. గుర్రమూ చిరుతా ఒకే దొడ్లో కట్టేసుకున్నాయన్న మాట. ఇన్నాళ్లూ వాటి తరఫున కొట్టుకున్న జనాన్ని మాత్రం ఎవరూ పిలిచి ఆ సంగతి చెప్పలేదు.

రాఘవేందర్ పక్క షట్టరు కూడా అద్దెకు తీసుకున్నాడు. మధ్యలో ఒక ప్లైవుడ్ చెక్క నిలబెట్టించాడు. ఈ వైపు ఎర్ర రంగు, ఆ వైపు నీలి రంగు. కొత్త మనిషిని పెట్టుకుంటే జీతం దండగ కాబట్టి, ధ్రువ బండి లోపాలన్నీ నోటికి వచ్చిన మనిషి కంటే దాన్ని అమ్మడానికి అర్హులెవరని శోభారాణికే ఆ పని కూడా అప్పగించాడు. పొద్దున ఎర్ర అంగీ, మధ్యాహ్నం బువ్వ తిన్నాక నీలి అంగీ.

కంపెనీ నుంచి ఒక కుర్ర ఆఫీసరు వచ్చి శిక్షణ ఇచ్చాడు. తెర మీద బొమ్మలు వేసి, షంషేర్ బాధ్యత గల వాళ్ల బండి, చీతా గుండె ధైర్యం గల వాళ్ల బండి అని వివరించాడు. తేడాలేమిటని శోభారాణి అడిగింది. ట్యాంకు మీది లోగో వేరు, సీటు కుట్టు వేరు, చీతా ధర కొద్దిగా ఎక్కువ అన్నాడు. ధర ఎందుకు ఎక్కువ అంది. గుండె ధైర్యానికి, అన్నాడు అతను నవ్వకుండా. "ఒకటే" అన్న మాట మాత్రం నోట రాకూడదని, అడిగితే "ఒకే కుటుంబం, వేరే స్వభావం" అనాలని అందరిచేతా రెండుసార్లు పలికించాడు.

ఆమె కొన్నాళ్లు అలాగే పలికింది. పొద్దున తీసిపారేసిన బండిని మధ్యాహ్నం మెచ్చుకోవడం మొదట్లో నోటికి చేదుగా ఉన్నా, నాలుక కూడా జీతం తీసుకునే అవయవమే కాబట్టి అలవాటు పడింది. అలవాటు పడనిది ఆమె లోపలి మనిషి. బస్సులో నిలబడి చేసిన ప్రయాణాలన్నీ ఎవరో మోసం చేసి చేయించినట్టు కోపం వచ్చేది. ఆ ఎవరో తానే కావడం వల్ల కోపం ఎవరి మీద చూపాలో తెలియక, ఇంటికి పోయి శివ మీద చూపేది. అతను ఎందుకో అడగకుండా తినేసి పడుకునేవాడు.

అప్పుడు వచ్చారు శామీర్‌పేట అన్నదమ్ములు బక్కయ్య, గాలయ్య.

ఇద్దరిదీ చెరువులో చేపలు పట్టే పని. పెద్దవాడు బక్కయ్య, శోభారాణి మాట విని వజ్ర కొన్నవాడు. చిన్నవాడు గాలయ్య, అన్న కొన్నది కొనకూడదని ధ్రువ కొన్నవాడు. ఒక ఎండాకాలం చేపల డబ్బా కట్టుకుని మార్కెట్‌కు పోతుంటే తూంకుంట దగ్గర గాలయ్య బండి ఆగిపోయింది. వెనక వచ్చిన బక్కయ్య ఆగలేదు. నవ్వి, హారన్ కొట్టి పోయాడు. గాలయ్య చేపలు ఆ ఎండపొడలో కుళ్లిపోయాయి. తర్వాత కొన్నాళ్లకు బక్కయ్య బండి చైన్ తెగింది. ఈసారి హారన్ కొట్టే వంతు గాలయ్యది. అంతటితో మాటలు బందయ్యాయి. తెప్ప ఒకటే, వల ఒకటే కాబట్టి పని మాత్రం బందు కాలేదు. ఒకరు తూర్పుకు, ఒకరు పడమరకు ముఖం పెట్టి ఒకే వల లాగేవారు. మధ్యలో మాటలు మోయడం బక్కయ్య భార్య శంకరమ్మ పని. "వల జర ఇటు గుంజుమని చెప్పు" అని ఒకడు ఒడ్డు మీద ఉన్న ఆమెకు అరిస్తే, పక్కనే ఉన్న రెండోవాడు ఆమె చెప్పేదాకా ఆగి గుంజేవాడు.

పాత బండ్లు రెండూ ఒకేసారి మూలకు పడ్డాయి. బక్కయ్య ఎర్ర షట్టర్లో షంషేర్ బుక్ చేశాడు. గాలయ్య నీలి షట్టర్లో చీతా బుక్ చేశాడు. ఇద్దరికీ అమ్మింది శోభారాణే. అంగీ మారడంతో గాలయ్యకు ఆమె తన అన్నకు అమ్మిన మనిషేనన్న అనుమానం కూడా రాలేదు.

బండ్లు తీసుకునే మంచిరోజు కూడా ఇద్దరికీ ఒకటే వచ్చింది, ఎందుకంటే పంతులూ ఒకడే. ప్లైవుడ్‌కు ఈ పక్కన ఒక కొబ్బరికాయ, ఆ పక్కన ఒక కొబ్బరికాయ. బక్కయ్య కొత్త బండిని నిమురుతూ, చెక్క అవతలికి వినపడాలని గొంతు పెంచి అడిగాడు.

"చెల్లే, గా పక్కన అమ్మేటి తుక్కు కన్న ఇది ఎంత మంచిగుంటదో జర గట్టిగ చెప్పు."

శోభారాణి నోరు తెరిచింది. ఒకే కుటుంబం, వేరే స్వభావం అన్న మాట పెదవి దాకా వచ్చింది. ఎదురుగా పసుపు కుంకాలు పట్టుకుని శంకరమ్మ నిలబడి ఉంది. వానలో, ఎండలో ఒడ్డు మీద నిలబడి ఇద్దరు మొగవాళ్ల మాటలు మోసిన మనిషి ముఖం ఎంత అలసిపోయి ఉంటుందో అంత అలసటగా ఉంది.

"రెండు ఒక్కటే బక్కన్నా," అంది శోభారాణి. "ఒక్క ఫ్యాక్టరీలనే పుడతయి. పేరే వేరు."

బక్కయ్య ఆమె వంక జాలిగా చూశాడు. ఎండదెబ్బ తగిలిందేమో అనుకున్నట్టుంది. చెక్క అవతల నుంచి గాలయ్య వచ్చి, ఏమన్నావు మళ్లీ అను అన్నాడు. ఆమె మళ్లీ అంది. అన్నదమ్ములిద్దరూ చాలా ఏళ్ల తర్వాత మొదటిసారి ఒకే వైపు నిలబడ్డారు. ఆమెకు ఎదురుగా.

"ధ్రువ తీస్కున్న మీ ఆడబిడ్డ పెనిమిటి నడుసుకుంట పోతుండని నువ్వే గదా చెప్పింది," అన్నాడు బక్కయ్య.

"చెప్పిన. అబద్ధం చెప్పిన. ఇప్పుడు నిజం చెప్తాన్న."

"అబద్ధం మంచిగ చెప్పినవ్. ఇది అతుకుతలేదు."

ఆమెకు పట్టుదల వచ్చింది. రాఘవేందర్ బ్యాంకు పని మీద బయటికి పోయి ఉన్నాడు. మెకానిక్ లక్ష్మణ్‌ను పిలిచి, రెండు బండ్ల లోగోలూ ఊడదీయమంది. రంగు ఎలాగూ రెంటికీ నలుపే. సీట్ల మీద గోనెసంచులు కప్పించింది. వెనక సర్వీసింగ్ ఆవరణలో ఆ రెంటినీ పక్కపక్కన నిలబెట్టి, ఎవరి బండి ఏదో గుర్తుపట్టమంది.

బక్కయ్య మొదట ఒకటి నడిపాడు, తర్వాత రెండోది. దిగి, రెండోదాని ట్యాంకు మీద చెయ్యి వేసి, ఇదే వజ్ర, చప్పుడులోనే ఖాందాన్ తెలుస్తోందన్నాడు. గాలయ్య కూడా రెండూ నడిపాడు. దిగి, అదే రెండోదాని మీద చెయ్యి వేసి, ఇదే ధ్రువ, గుంజుడులోనే తెలుస్తోందన్నాడు. ఒకే బండి మీద రెండు చేతులు. కాసేపు చేతులు తీసేదెవరని ఇద్దరూ చూసుకున్నారు.

లక్ష్మణ్ గోనెసంచి తీసి సీటు కుట్టు చూపించాడు. అది చీతా.

బక్కయ్య ఒప్పుకోలేదు. సీట్లు మార్చారన్నాడు. గాలయ్య తాను గెలిచాడు కాబట్టి ఒప్పుకోవాల్సింది, కానీ ఒప్పుకుంటే రెండూ ఒకటేనని ఒప్పుకున్నట్టు అవుతుంది. అందుకని అతనూ సీట్లు మార్చారన్నాడు. అన్నదమ్ములిద్దరూ భుజం భుజం కలిపి షోరూములోకి నడిచారు. అప్పుడే లోపలికి వస్తున్న రాఘవేందర్‌కు ఎదురుపడి, ఈమె మా ఇంటి నమ్మకాలతో ఆటలాడుతోంది, మాకు బండ్లు వద్దు అన్నారు.

రాఘవేందర్ వాళ్లను బతిమాలాడు. షంషేర్ వేరని, చీతా వేరని, శోభారాణికి ఇంట్లో పరేషాన్ ఉందని చెప్పాడు. వాళ్లు వినలేదు. ఏళ్ల తరబడి అబద్ధం చెప్తే బండ్లు అమ్ముడుపోయాయి. ఒక్క పూట నిజం చెప్తే అమ్ముడుపోయినవి వెనక్కి వచ్చాయి. అతనికి ఇందులో నీతి చాలా స్పష్టంగా కనిపించింది. ఆమెను గొంతు పెంచకుండానే అడిగాడు.

"నీకు ఏమొచ్చింది శోభా, గా మాట అని?"

"ఏం రాలే సార్. అనాలనిపిచ్చింది."

మరుసటి రోజు నుంచి ఆమెను అమ్మకాల నుంచి తీసేసి సర్వీసింగ్ కౌంటర్‌లో కూర్చోబెట్టాడు. అక్కడ ప్లైవుడ్ చెక్క లేదు. బండి కొనేదాకా గిరాకీకి రెండు తలుపులు ఉంటాయి గానీ, చెడిపోయాక ఒకటే తలుపు. ఆమెకు తెల్ల అంగీ ఇచ్చారు. మొదటి వారం ముఖం మాడ్చుకుని కూర్చుంది. తర్వాత గమనిస్తే, మధ్యాహ్నం అంగీ మార్చుకునే పని లేనందుకు బువ్వ నింపాదిగా తింటోంది.

పది పదిహేను రోజులకు శంకరమ్మ ఒక్కతే బస్సు దిగి వచ్చింది. కౌంటర్ ముందు కుర్చీలో కూర్చుని, నీళ్లు తాగి, మెల్లగా అడిగింది.

"శోభా, రెండు ఒక్కటే అన్నవ్. నిజమేనా?"

"నిజమే వదినా."

"ఒక్కటే అయినంక రెండెందుకు? ఒక్క తెప్పకు ఒక్కటి సాలదా?"

ఏళ్లుగా బండ్లు అమ్మిన శోభారాణికి గానీ, తెర మీద బొమ్మలు వేసిన ఆఫీసరుకు గానీ తట్టని ప్రశ్న అది. కంపెనీలకు తట్టలేదని అనలేం. తట్టే ఉంటుంది, అందుకే రెండు పేర్లు పెట్టుకున్నారు. ఏది తీసుకోమంటావంటే, రంగు చూసుకొమ్మంది శోభారాణి. బురద కనిపించని రంగు చాలని శంకరమ్మ ముదురు బూడిద రంగుది ఎంచుకుంది. అది ఏ కంపెనీదో అడగనైనా లేదు. లక్ష్మణ్‌తో లోగో ఊడదీయించి, దాని చోట "గంగమ్మ తల్లి" అని పెద్ద స్టిక్కర్ వేయించింది. రాఘవేందర్ అది కంపెనీ నిబంధనలకు విరుద్ధమని గొణిగాడు. పేర్లు మార్చే హక్కు కంపెనీ సొత్తయినప్పుడు గంగమ్మ అడ్డం రాకూడదు మరి.

బండి శామీర్‌పేట చేరింది. మొదట అన్నదమ్ములిద్దరూ దాన్ని ముట్టలేదు. ఇంకో రెండు రోజులు చేపలు ఆటోలోనే పోయాయి, ఆటోవాడు అడిగింది ఇచ్చుకున్నారు. మూడో రోజు బక్కయ్య హ్యాండిల్ పట్టుకున్నాడు, గాలయ్య వెనక చేపల డబ్బా పట్టుకుని కూర్చున్నాడు. వెనక కూర్చున్నవాడు మాట్లాడక తప్పదు. "ఆగు, డబ్బా జారుతాంది" అని శంకరమ్మ చేత చెప్పించడానికి ఆమె ఒడ్డు మీద ఉండిపోయింది కదా. అలా మొదటి మాట అలియాబాద్ చౌరస్తాలో పడింది. రెండో మాట తిట్టు.

మొదటి సర్వీసింగ్‌కు ఇద్దరూ కలిసే వచ్చారు. నేను నడిపితే మైలేజీ ఎక్కువ ఇస్తోందని బక్కయ్య, కాదు నేను నడిపితేనే ఇస్తోందని గాలయ్య, కౌంటర్ దగ్గర వాదులాడుకున్నారు. శోభారాణితో మాత్రం ఇద్దరూ మాట్లాడలేదు. ఆమె చేసిన మోసం వాళ్లు ఇంకా మర్చిపోలేదు. ఆమె బండి లోపలికి పంపి, ఇద్దరికీ ఛాయ్ తెప్పించింది. తాగారు. పోయేటప్పుడు గాలయ్య గ్లాసు కౌంటర్ మీద పెట్టి, ఆమె వైపు చూడకుండా, కొత్త పాలిథీన్ కవర్‌లో చుట్టిన రెండు బొచ్చె చేపలు అక్కడ వదిలిపోయాడు.