కాఫీ కళ్లంలో మోరి

ఇది నాకు జరిగింది. ఎక్కడో విన్నది కాదు, ఎవరో చెబితే అల్లింది కాదు. తర్వాత మీరు ఏమైనా అనుకోండి... చెప్పేటప్పుడు మాత్రం మధ్యలో నవ్వకండి.

నా పని మీకు తెలుసుగా. విశాఖలో ఏడాది పొడుగునా ఏదో ఒక ఉత్సవం ఉంటుంది. బీచ్‌లో ఒకటి, ఉగాదికి ఒకటి, చలికాలంలో జానపద కళలకు ఒకటి. కళాకారులను ఊళ్ల నుంచి తీసుకొచ్చి, వేళకు స్టేజీ ఎక్కించి, మళ్లీ ఇళ్లకు చేర్చడం నా బాధ్యత. ఈ పనిలో పడ్డాక ఎవరి మాటా నమ్మబుద్ధి కాదు. "బయల్దేరిపోయాం మేడం" అన్నారంటే ఇంకా స్నానాలు కాలేదన్నమాట. "ఒంట్లో బాగోలేదు" అన్నారంటే ఇంకెవరో పిలిచారన్నమాట. నాకు అనుమానం అలా అలవాటైపోయింది.

మొన్నటి చలికాలం... అరకు దాటాక కొండ మీద ఒక ఊరు. పేరు చెప్పను. అక్కడి థింసా నాట్య బృందం మా ఉత్సవంలో ముగింపు రోజు ఆడాలి. పద్నాలుగు మంది ఆడవాళ్లు, ఇద్దరు డప్పులవాళ్లు, ఒక మోరి. మోరి సన్నాయి లాంటిదే, కాకపోతే ఇంకా కీచుగా ఉంటుంది. కొండ అవతలికి కూడా వినిపిస్తుంది. దాన్ని ఊదేది సుక్రు. అరవై దాటిన మనిషి. ఆయన ఊదకపోతే ఆడవాళ్లు అడుగు కదపరు. తెల్లవారుజామునే బయల్దేరాలి కాబట్టి ముందురోజు సాయంత్రమే బస్సు తీసుకుని ఊరికి చేరాను.

బృందానికి పెద్ద బుద్రమ్మ. బస్సు దగ్గరికి ఎదురొచ్చి మరీ చెప్పింది.

"సుక్రు ఊర్లో లేడు మేడం. ఆయాసం వచ్చీసినాది. అరకు ఆసుపత్రిలో ఎట్టినారు. రేపు పొద్దున్న తిన్నగా బస్సు కాడికే వచ్చెత్తాడు."

చెప్తూ నా మొహంలోకి చూడలేదు.

నాకు అప్పుడే తేడా కొట్టింది. ఆ వారమే కింద ఒక రిసార్టులో కూడా ఏదో వేడుక ఉందని దారిలో విన్నాను. సుక్రును అక్కడికి పంపడానికి ఒప్పుకుని ఉంటారు. ఆసుపత్రికి ఫోన్ చేసి కనుక్కుందామంటే సిగ్నల్ లేదు. సుక్రు ఇంటికెళ్లాను. తాళం వేసి ఉంది. కానీ గుమ్మం ముందు అప్పుడే ఊడ్చిన చీపురు గీతలు... ఇద్దరు ఆడవాళ్లు వాళ్ల భాషలో ఏదో మాట్లాడుకుంటూ, నన్ను చూసి టక్కున ఆపేశారు.

నాకు సామాజిక భవనంలో మంచం వేశారు. వాళ్ల చీరలు, నగలు, వాయిద్యాలు ఉన్న ట్రంకుపెట్టె కూడా అక్కడే. తెరిచి చూసుకున్నాను. మోరి ఉంది, ఎర్రగుడ్డలో. ఊరంతటికీ అదొక్కటే అని బుద్రమ్మే చెప్పింది. గుడ్డకు నా చేత్తో రెండు ముడులు వేశాను. ట్రంకుకు తాళం వేసి, తాళంచెవి నా పర్సులో పెట్టుకున్నాను. మోరి నా మంచం కింద ఉంటే సుక్రు ఏ రిసార్టుకు పోతాడో చూద్దాం అనుకున్నాను.

రాత్రి రెండు దాటింది. మెలకువ వచ్చింది.

మోరి... బయట ఎవరో మోరి ఊదుతున్నారు.

భయం వేయలేదు. ఒట్టు. కోపం వచ్చింది. దొరికాడు! ఆసుపత్రి లేదు, ఆయాసం లేదు. రెండో మోరి కూడా ఉంది. ఎంత నాటకం ఆడారు! ఉత్సవం కమిటీకి వినిపించాలని ఫోన్‌లో రికార్డింగ్ పెట్టాను. శాలువా కప్పుకుని తలుపు తీశాను.

మంచు. చాచిన చెయ్యి కూడా సరిగా కనపడనంత మంచు. టార్చి వేస్తే ఎదురుగా తెల్లటి గోడ. శబ్దాన్ని పట్టుకుని నడిచాను. ఊరి చివర కాఫీ గింజలు ఆరబోసే సిమెంటు కళ్లం ఉంది. అక్కడి నుంచే వస్తోంది. ఒక్క కుక్క మొరగలేదు. అది అప్పుడు తట్టలేదు నాకు... తర్వాత తట్టింది.

కళ్లం అంచున ఆగాను. గింజల మీద టార్పాలిన్ కప్పి ఉంది. దాని మీద నీటిబొట్లు. మోరి నా ఎదురుగానే మోగుతోంది. ఆరడుగుల దూరం... అంతే. టార్చి అటు తిప్పాను.

ఎవరూ లేరు.

కానీ పాట ఆగలేదు.

నేను ఎన్నడూ వినని పాట అది. థింసాలో ఎన్ని రకాలున్నాయో అన్నీ విన్నదాన్ని. ఇది వేరు. మొదలవుతుంది, పైకి వెళ్తుంది, ఒకచోట తప్పుతుంది. ఆగుతుంది. మళ్లీ మొదటి నుంచి. మళ్లీ అక్కడే తప్పు. అలా ఆగినప్పుడల్లా... ఊపిరి. పీల్చుకుంటున్న ఊపిరి. గర్... గర్... అని, ఛాతీలో కఫం ఉన్నవాళ్లకు వచ్చే చప్పుడు. అంత స్పష్టంగా విన్నాను.

"సుక్రయ్యా... బయటికి రా. నాకు తెలిసిపోయింది" అన్నాను. నా గొంతు నాకే చిన్నగా వినిపించింది.

ఆగిపోయింది.

ఎంతసేపో తెలియదు. నేను కదల్లేదు. అవతల కూడా ఏమీ కదల్లేదు. తర్వాత... మళ్లీ మొదలైంది. ఈసారి మెల్లగా. ఆ తప్పుతున్న చోటు దగ్గరికి వచ్చింది... దాటింది. తప్పలేదు. అలా కిందికి దిగి, దిగి, పూర్తయింది.

ఇక ఏమీ లేదు. టార్పాలిన్ మీద నుంచి నీళ్లు కారుతున్న చప్పుడు తప్ప.

వెనక్కి తిరిగి పరుగెత్తాను. భవనం గుమ్మంలో ఎవరో నిలబడి ఉన్నారు. కేక వేశాను. బుద్రమ్మ.

"ఎవుల్తో మాట్లాడతన్నావు మేడం?"

"సుక్రును ఎక్కడ దాచారు?"

"దాసడమేటి?"

"మోరి వినపడలేదా నీకు?"

ఆమె కళ్లం వైపు చూసింది. "నాకేటీ ఇనపడనేదు" అంది. మరి ఏమీ వినపడని మనిషి ఆ వేళ బయట ఎందుకు నిలబడినట్టు? ఇప్పటికీ అడగాలనుకుంటాను.

లోపలికెళ్లి ట్రంకు తీశాను. ఎర్రగుడ్డ, నేను వేసిన రెండు ముడులు. మోరి లోపలే ఉంది.

తెల్లవారింది. బస్సు దగ్గరికి జీపు వచ్చింది. సుక్రు దిగాడు, కూతురు సీత భుజం పట్టుకుని. చేతికి సెలైన్ ఎక్కించిన చోట ప్లాస్టర్. పెదవులు నల్లగా ఉన్నాయి. అయినా నాకు అనుమానం పోలేదు. అందరి ముందూ ఫోన్ తీసి వినిపించాను.

"రాత్రి ఊదింది నువ్వు కాదా?"

సుక్రు విన్నాడు. పూర్తిగా విన్నాడు. మొహంలో నెత్తురు ఇంకిపోయింది.

"ఇదెక్కడిది నీకాడ?"

"మీ కళ్లంలోదే."

"ఇది నాను కట్టినాను. మంచం మీద పడుకుని, మనసులోనే. ఎవులికీ ఇనిపించనేదు. ఇంకా ఊదనేనేదు!"

సీత ఏడుపు గొంతుతో అంది, "అయ్య రేత్రంతా దుప్పటి మీద ఏళ్లు ఆడిత్తానే ఉన్నాడు మేడం. మూతికి ఆక్సిజన్ ఉన్నాది. నాను పక్కనే కూకున్నాను."

అంతవరకూ నేను వాళ్లను అనుమానించాను. ఆ క్షణం నుంచి వాళ్లు నన్ను అనుమానించారు. ఆడవాళ్లంతా బస్సు దిగిపోయారు. సుక్రు వేలు చూపించి, ఆయాసపడుతూ అన్నాడు.

"మీ ఊరోలు ఒకపాలి మా పాట అట్టుకుపోయి, ఆల పేరెట్టుకుని ఆడించుకున్నారు. ఇప్పుడు బుర్రలోది కూడా అట్టుకుపోతారేటి? తీసీ. తీసీకపోతే ఎవులూ బండెక్కరు."

ముగింపు కార్యక్రమం ఆ సాయంత్రమే. నా ఉద్యోగం దాని మీదే ఉంది. ఆయన కళ్ల ముందే రికార్డింగ్ చెరిపేశాను. ఫోన్‌లోని చెత్తబుట్టలో మిగిలినదీ తీసేశాను. ముందు బుద్రమ్మ బస్సెక్కింది. ఆమె వెనుక అందరూ ఎక్కారు. ఘాట్ దిగేవరకూ నా పక్క సీటులో ఎవరూ కూర్చోలేదు.

సాయంత్రం ఆడారు. బాగా ఆడారు. సుక్రు పాత పాటలే ఊదాడు, మధ్యమధ్య ఆగి ఊపిరి పీల్చుకుంటూ. ఆ గర్... గర్... మైకులో నాకు వినిపించింది. గ్రీన్‌రూమ్ బయటికి వెళ్లిపోయాను.

ఆట అయ్యాక భోజనాల దగ్గర జనం. సుక్రు ఒక్కడే నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. కోపం లేదు. చేతులు నలుపుకుంటున్నాడు.

"మేడం... ఆ పాట పోనాది. పొద్దున్న నువ్వు తీసీసినకాడ్నించి గుర్తు రానేదు. ఎంత ఎతికినా రానేదు. నీకేమైనా గుర్తుందేటి? కూసింత రాగం తీసి అను, నాను అందుకుంటాను."

నాకు గుర్తుంది. ఆ తప్పు దాటిన చోటుతో సహా, మొత్తం గుర్తుంది. ఇప్పుడు అనమన్నా అనగలను.

కానీ అది ఎవరి పాట? ఆయనదేనా? ఆయన నన్ను పరీక్షిస్తున్నాడా... లేక ఆ రాత్రి కళ్లంలో ఊదింది ఇంకేదైనా అయితే, నేను ఆ పాట అనగానే అది వింటుందా?

"లేదు సుక్రయ్యా, గుర్తు లేదు" అన్నాను.

ఆయన నా మొహంలోకే చూశాడు. నమ్మాడో లేదో తెలియదు. తలూపి, మెల్లగా బస్సు వైపు వెళ్లిపోయాడు.