మేడ్చల్ ఐసు మీద మంచు పాఠం: ఫోర్ బై ఫోర్ బండా, వింటర్ టైర్లా?

మా అత్తమ్మ అనసూయమ్మ ముప్పై ఏళ్లు సూరారంలో చేపలు అమ్మింది. ఐసులో చెయ్యి పెట్టని రోజంటూ ఆమెకు ఉండేది కాదు. మోకాళ్లు మొరాయించడంతో కిందటి దసరా తర్వాత గంప దించేసింది. ఆ వారంలోనే టీవీలో మనాలి మంచు చూపిస్తుంటే కళ్లార్పకుండా చూసి, "గది ఫ్యాక్టరీల జేసింది గాదా బిడ్డా? పైకెల్లి అదే పడ్తదా? ఒక్కపారి సూడాలె" అంది. నోరు తెరిచి తనకంటూ ఏదీ అడగని మనిషి. నేనూ, నా భర్త శ్రీనివాసూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. జనవరి ఆఖర్లో కారులో మనాలి వెళ్లాలని అప్పటికప్పుడే అనుకున్నాం.

అనుకోవడం తేలికే. ఏ బండిలో వెళ్లాలన్న దగ్గర గొడవ మొదలైంది. మాది చిన్న కారు, ఇంజిన్ బలమంతా ముందు రెండు చక్రాలకే. మా అన్న మహేందర్ తుర్కపల్లి ల్యాబుల ఉద్యోగులకు క్యాబులు నడుపుతాడు. ఈ మధ్యే సెకండ్ హ్యాండ్‌లో ఒక పెద్ద ఫోర్ బై ఫోర్ బండి కొన్నాడు. దాని నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందుతుంది. మంచులో వెళ్లాలంటే వింటర్ టైర్లు కావాలని నేను చదివింది చెబితే అన్న ఫోన్లోనే నవ్వాడు. "నా బండికి గా నాజూకు టైర్లు ఎందుకు చెల్లె? నాలుగు చక్రాలు గుంజుతయి. గోడ జూపిస్తె గోడెక్కుతది." పది రోజులు ఇదే వాదన. చివరికి అన్నకు కోపం వచ్చింది. "నా బండి మీద నమ్మకం లేకుంటె మీ కార్ల మీరు పోండ్రి. నేను రాను" అని ఫోన్ పెట్టేశాడు.

అన్న రాకపోతే ప్రయాణమే లేదు. మా ఆయనకు ట్రాలీ ఆటో తప్ప కారు నడపడం రాదు, అంత దూరం స్టీరింగు పంచుకునే మనిషి ఇంకెవరూ లేరు. మా చిన్న కారులో కాళ్లు ముడుచుకుని మూడు రోజులు కూర్చోవడం అత్తమ్మ మోకాళ్లకు అయ్యే పని కాదు. అలాగని అన్న మాట నమ్మి, ఆమెను కొండ రోడ్ల మీదికి తీసుకెళ్లే ధైర్యం నాకు లేదు.

దారి చూపించింది యాదగిరి కాకా. సైన్యంలో లారీ డ్రైవరుగా లడఖ్ వైపు ఏళ్ల తరబడి పనిచేసి, రిటైరై కౌకూర్లో ఇల్లు కట్టుకున్నాడు. ఆ ఇంటి సామాను చేరవేసింది మా ఆయన ట్రాలీ ఆటోయే. అప్పటి నుంచీ పరిచయం. మా తగవు విని కాకా ఒకటే మాట అన్నాడు. "మాటలెందుకు, బండ్లు దెచ్చుకోండ్రి. ఐసు మేడ్చల్ల దొరుకుతది గదా."

ఆదివారం పొద్దున ఐదున్నరకు సూరారం నుంచి బయల్దేరాం. నేనూ అత్తమ్మా కారులో, మా ఆయన వెనక ట్రాలీలో. దూలపల్లి రోడ్డు మీదుగా కొంపల్లి, అక్కడి నుంచి బొల్లారం దాటి కౌకూర్ చేరేసరికి ఆరుంబావు. డిసెంబరు పొద్దు, స్టీరింగు మీద వేళ్లు కొంకర్లు పోతున్నాయి. కాకా గేటు దగ్గరే నాలుగు టైర్లు దొర్లించి పెట్టాడు. ఆయనింట్లో అద్దెకుండే సైనిక కుటుంబం ఉత్తరాది నుంచి బదిలీ అయి వస్తూ తెచ్చుకున్న వింటర్ టైర్లవి. సరిగ్గా మా కారు సైజే. ఒక్కపూటకు అడిగితే సంతోషంగా ఇచ్చారట.

టైర్లు ట్రాలీలో వేసుకుని, కాకానూ ఎక్కించుకుని ఏడింటికి మేడ్చల్‌లో ఐసు ఫ్యాక్టరీ ముందు ఆగాం. అక్కడ మా అత్తమ్మను తెలియని వాళ్లు లేరు. "గంప దింపినవంటిరి, మల్ల ఐసేంది అనసూయక్కా?" అని అడిగాడు దిమ్మెలు చితక్కొట్టే మనిషి. "కోడలు కారుకు పెడ్తదట" అంది అత్తమ్మ, మొహంలో నవ్వు కనపడనీయకుండా. పన్నెండు బస్తాల చితక్కొట్టిన ఐసు పదిహేను వందల లోపే అయింది. దాని మీద పట్టా కప్పి, షామీర్‌పేట వైపు రోడ్డు పట్టాం.

షామీర్‌పేటకు కాస్త ఇవతల అన్న స్నేహితుడు ఎల్లయ్యది కోళ్ల ఫారం ఉంది. కోళ్లన్నీ కిందటి వారమే లారీలెక్కిపోయాయి, కొత్త పిల్లలు ఇంకా రాలేదు. అందుకే మమ్మల్ని రానిచ్చాడు. దాణా లారీలు గోడౌను దాకా ఎక్కడానికి వేసిన సిమెంటు వాలు, దాని కింద చదునైన గచ్చు, ఆ చివర షెడ్లలో పరచడానికి తెచ్చిన వరి ఊక పెద్ద కుప్ప. "నా ఊక ఆగం జెయ్యకుండ్రి" అన్నది ఒక్కటే ఎల్లయ్య షరతు. మా ఆయన ఫోన్ చేసి ఒప్పించడంతో ఎనిమిదింటికి అన్న తుర్కపల్లి నుంచి వచ్చాడు. నాతో మాట్లాడలేదు. అత్తమ్మకు మాత్రం దండం పెట్టాడు.

వాలు కింది సగంలోనూ, చదును మీదా ఐసు పరిచి, పారలతో గట్టిగా తట్టాం. ఊక కుప్పకు బాగా ఇవతల కాకా సున్నంతో ఒక గీత గీశాడు. "ముందు ఎక్కుడు. తర్వాత దిగి, గీతకు ఇవతల ఆగుడు. గంతే" అన్నాడు.

ముందు నేను. మామూలు టైర్లతోనే. గేరు వేసి మెల్లగా వదిలితే ముందు చక్రాలు ఉన్నచోటే తిరిగాయి. ఇంకాస్త తొక్కితే రబ్బరు వాసన వచ్చింది గానీ కారు ఒక్క అడుగు కూడా ఎక్కలేదు. పక్కకు తీశాను. అన్న బండి వచ్చింది. చక్రాలు ఒక్కసారి సర్దుకుని, ఏమీ లేనట్టు నింపాదిగా గోడౌను దాకా ఎక్కేసింది. పైనుంచి అద్దం దించి, ఆ రోజు ఫోన్ పెట్టేశాక మొదటిసారి నా పేరు పిలిచాడు. "ఏమన్న సుజాతా? ఇగ సంచులు సర్దుకో!"

మా ఆయన చప్పట్లు కొట్టాడు. నిజం చెప్పాలంటే నేనూ కొట్టాను. ఓడిపోయానన్న బాధ కన్నా, ప్రయాణం ఖాయమైందన్న సంతోషమే ఎక్కువ.

"ఎక్కినవు మహేందరూ, శాబాష్. ఇప్పుడు దిగు" అన్నాడు కాకా.

అన్న జోరుగా ఏమీ రాలేదు. మన కాలనీ సందులో వచ్చేంత వేగమే. ఐసు మీదికి వచ్చాక బ్రేకు తొక్కాడు. బండి కింద గడగడమని చప్పుడు. వేగం మాత్రం తగ్గలేదు. అన్న స్టీరింగు కుడికి తిప్పడం నాకు స్పష్టంగా కనిపించింది. బండి తిరగలేదు. సున్నపు గీత దాటింది. తిన్నగా వెళ్లి ఊక కుప్పలో దూరింది.

ఊకంతా గుప్పున లేచి బండి మీద పడింది. అద్దాలు కనిపించడం లేదు.  ఇద్దరు ముగ్గురం పరుగెత్తాం. తలుపు తెరుచుకుని, నెత్తి మీదా మీసాల మీదా ఊకతో అన్న దిగాడు. ఒక్క గీటు కూడా పడలేదు. అందరం బిక్కమొహాలు వేసుకుని చూస్తుంటే, వెనక నుంచి అత్తమ్మ నవ్వు మొదలైంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. "అల్లుడా... ఫారంల కొత్త కోడి దిగింది!" ఎల్లయ్య ఊక సంగతి మరిచిపోయి గచ్చు మీద కూలబడి నవ్వాడు. అన్న కూడా నవ్వాడు. కానీ ఓటమి ఒప్పుకోలేదు.

"నేనొచ్చేసరికి ఐసు కరిగింది కాకా. పైన నీళ్లు నిలిస్తె ఏ బండైన జారుతది."

"అబద్దం గాదు" అంది అత్తమ్మ వెంటనే. "పొడి ఐసు మీద చెప్పు ఆగుతది. కరగవట్టి తడి తేలిందో, నిలవడుడు కష్టం. చేపల మార్కెట్ల ఎన్నిసార్లు పడ్డనో."

కాకా ఆమె వైపు మర్యాదగా చూశాడు. "అక్క చెప్పింది పక్కా. లడఖ్‌ల గూడ మేము ఎండెక్కిన మంచుకే ఎక్కువ భయపడ్తుంటిమి. సరే మహేందరూ, నువ్వు దిగినదాని కన్నా ఎక్కువ కరిగిన ఐసు మీద నీ చెల్లె దిగుతది. ఒప్పుకుంటవా?"

"ఒప్పుకుంట" అన్నాడు అన్న. అని ఊరుకోలేదు. మా కారుకు వింటర్ టైర్లు బిగించింది కూడా ఆయనే. జాకీ పని ఆయనంత జల్దీగా మాలో ఎవరికీ రాదు. నట్లు బిగిస్తుంటే, కాకా టైరు మీద ఆయన చెయ్యి పెట్టించి చూపించాడు. వేలితో నొక్కితే రబ్బరు మెత్తగా ఉంది. పైన బ్లేడుతో కోసినట్టు సన్నసన్నని గాట్లు. "చలికి మామూలు రబ్బరు ప్లాస్టిక్ లెక్క గట్టిపడ్తది. ఇది మెత్తగనే ఉంటది, గీ గాట్లు మంచును పట్టుకుంటయి" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి ఒక సంగతి చెప్పాడు. ఒకసారి కనుమ మీద తన లారీని దాటుకుంటూ ఒక ఖరీదైన ఫోర్ బై ఫోర్ బండి నవ్వుకుంటూ ఎక్కిపోయిందట. దిగుడులో మలుపు దగ్గర అదే బండి అడ్డం తిరిగి, రెండు చక్రాలు గాల్లో వేలాడుతూ కనిపించిందట. లోపలున్న నలుగురినీ తాళ్లతో లాగారట. "ఇంజిన్ బలం ఎక్కనిస్తది బిడ్డా. ఆపేది, మలిపేది రబ్బరే. గా నాలుగు అరచేతులంత జాగ మీదనే మన పానం ఉంటది."

అన్న ఆఖరి నట్టు మరోసారి బిగించి జాకీ దించాడు.

తొమ్మిదిన్నర అయింది. ఎండ వచ్చింది, ఐసు మీద నీళ్లు మెరుస్తున్నాయి. నేను కూర్చున్నాక పక్క తలుపు తెరుచుకుని అత్తమ్మ ఎక్కింది. వద్దంటే వినలేదు. "రేపు గాడ కొండ మీద నన్ను దింపి పోతవా? నడువు." బెల్టు పెట్టుకుని ముందుకు చూస్తూ కూర్చుంది.

చక్రాలు కొంచెం జారాయి, పట్టుకున్నాయి, మళ్లీ జారాయి. మధ్యలో ఒకచోట ఆగిపోతుందనే అనుకున్నాను. తడబడుతూనే ఎక్కింది. అన్న బండిలా నింపాదిగా మాత్రం కాదు. పైన బండి తిప్పి, ఊపిరి పీల్చుకుని దిగడం మొదలుపెట్టాను. తడి ఐసు దగ్గర బ్రేకు మెత్తగా నొక్కాను. కారు ముందుకే పోతోంది. గీత దగ్గరకొస్తోంది. అత్తమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. అప్పుడు చక్రాల కింద ఐసు నలిగిన చప్పుడు కరకరమని వినిపించింది, ముందుకు తూలిన నన్ను బెల్టు పట్టి ఆపింది, కారు ఆగింది. దిగి చూస్తే గీత ఇంకా రెండడుగుల దూరంలో ఉంది.  అత్తమ్మ నా రెండు చెంపలూ నిమిరి మెటికలు విరిచింది.

అన్న మా కారు ముందు గొంతుకూర్చుని, టైరు గాట్లలో ఇరుక్కున్న ఐసు ముక్కలను వేలితో తీశాడు. తలెత్తి, "కాకా, నా బండి సైజుల దొరుకుతయా ఇవి?" అన్నాడు.

కాకా ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "నీ బండి తప్పు గాదురా. ఎక్కుడుల చూసినవుగా, నీదే రాజా. దానికి గీ టైర్లు ఏసినవనుకో, మస్తు బండి. రెండిట్ల ఒకటే దొరుకుతదంటె మాత్రం టైర్లే తీస్కో. రెండు ఉన్నయి గదా అని ఉరికించకు. ముందు బండికి దూరం ఉండు. కట్టెలు కొట్టినట్టు బ్రేకు కొట్టకు."

తర్వాత జరిగింది పాఠం కిందికి రాదు గానీ చెప్పకుండా ఉండలేను. మిగిలిన ఐసును ఉండ చేసి అన్న మా ఆయన వీపు మీద విసిరాడు. మా ఆయన గురి తప్పి కాకాను కొట్టాడు. సైనికుడు ఊరుకుంటాడా? చివరికి గెలిచింది అత్తమ్మే. ముప్పై ఏళ్లు ఐసులో ఆడిన చెయ్యి, చెప్పి మరీ ఒక్కొక్కరి మెడ మీద కొట్టింది. ఊకంతా ఎత్తి కుప్ప పోసి, గచ్చు కడిగేసరికి పదకొండున్నర. ఎల్లయ్యను కూడా వెంటబెట్టుకుని షామీర్‌పేట చెరువు వైపు వెళ్లి, రోడ్డు పక్కన వేడివేడి చేపల వేపుడు తిన్నాం. ప్లేటు నూట యాభై. వేయించే ఆమె పేరు లచ్చమ్మ. అత్తమ్మ ఒక ముక్క విరిచి చూసి, "పొద్దున పట్టిందే" అని ధ్రువీకరించాక ఇంకో నాలుగు ప్లేట్లు చెప్పాం.

అక్కడి నుంచే అన్న మేడ్చల్‌లో తనకు తెలిసిన టైర్ల దుకాణానికి ఫోన్ చేశాడు. వింటర్ టైర్లు ఇక్కడ నిల్వ ఉండవనీ, తెప్పించడానికి రెండు మూడు వారాలు పడుతుందనీ చెప్పారు. మన ఎండలకు ఆ మెత్తని రబ్బరు తొందరగా అరిగిపోతుంది కాబట్టి ఇక్కడే బిగించుకోవద్దనీ, బండి పైన కట్టుకెళ్లి కొండల మొదట్లో మార్చుకొమ్మనీ అన్నారు. అన్న అక్కడికక్కడే నాలుగు టైర్లు చెప్పేశాడు. "రెండు ముందుకు ఏస్తె సాలదా బావా?" అని మా ఆయన అడిగితే, కాకా కన్నా ముందు అన్నే జవాబిచ్చాడు. "నాలుగు. ఎనకయి జారితె బండి బొంగరమైతది."

ఆ రోజు నాకు అర్థమైంది ఇది. బండి కొనేటప్పుడు మనం ఎక్కడం గురించే ఆలోచిస్తాం. ప్రకటనల్లో కూడా బండి ఎప్పుడూ కొండెక్కుతూనే ఉంటుంది. ఇంటిల్లిపాదినీ తీసుకెళ్లేవాళ్లం మాత్రం ఎక్కడ, ఎలా ఆగుతామన్నది ముందు చూసుకోవాలి. పది రోజులు ఫోన్లో వాదించుకుని ఒకరినొకరం ఒప్పించలేకపోయిన అన్నాచెల్లెళ్లం ఒక్క పూటలో ఒక మాట మీదికి వచ్చాం. ఎవరూ ఎవరినీ ఓడించలేదు. చేత్తో తాకి, కళ్లతో చూసి తెలుసుకున్నాం, అంతే. ఇంకో ఐదు వారాల్లో బయల్దేరతాం. నా భయం పూర్తిగా పోలేదు. అది కొంచెం ఉండటమే మంచిదని ఇప్పుడు అనిపిస్తోంది.

మీరూ మంచులోకి సొంత బండిలో వెళ్లాలనుకుంటే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. టైరు పక్క గోడ మీద బురదకూ మంచుకూ గుర్తుగా వేసే ఎం, ఎస్ అన్న అక్షరాలు మాత్రమే చూసి వింటర్ టైరని కొనెయ్యకండి. వాటితోపాటు మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు రేకు ఉన్న చిన్న బొమ్మ కూడా ఉండాలి. నాలుగు టైర్ల మీదా ఆ బొమ్మ వేలితో తడిమి చూసుకున్నాకే డబ్బు కట్టండి.