పొద్దును వెనక్కి పంపిన కళ్యాణి

చీకట్లో కూర్చుని వెలుగు పంచే పని కళ్యాణిది. కొత్తగూడెం నాటక సమాజంలో లైట్లన్నీ ఆమె చేతిలోనే ఉంటాయి. పాటల నాటకమైతే ఇక చెప్పేదేముంది! ఏ చరణానికి, వెలుగు పెంచి తగ్గించే ఏ డిమ్మర్ ఎంత జరపాలో ఆమె వేళ్లకే తెలుసు. తన చెయ్యి ఆగితే ఎంత పెద్ద నటి అయినా చీకట్లో పాడుకోవాల్సిందేనని నవ్వుతుంది. గొప్పలు కావు, నిజమే మరి.

ఆ నిజం తల్లి మంగ్లికి మాత్రం ఎక్కలేదు. మీ పిల్ల ఏ వేషం కడుతుందని తండాలో అడిగితే ఆమెకు తల కొట్టేసినట్టయ్యేది. కనబడని పని కూడా ఒక పనేనా, మిల్లులో కాంట్రాక్టు పని ఉంది, వచ్చే నెల నుంచి చేరమని పట్టుబట్టింది. కళ్యాణి వాదించలేదు. సారపాకలో మా ఆట ఉంది, వచ్చి చూడు, చూశాక కూడా మానెయ్యమంటే మానేస్తానంది. అంత ధీమా! మాటిచ్చాక మాత్రం గుండెల్లో రాయి పడింది. ఈ పని లేని బతుకును ఆమె ఎన్నడూ ఊహించుకోలేదు.

ఆట రోజు సాయంత్రం మంగ్లి ముందు వరుసలోనే కూర్చుంది. అడవిలో తప్పిపోయిన బిడ్డను రాత్రంతా వెతికే తల్లి కథ అది. చివరి పాటలో, తల్లి వేషం కట్టిన పద్మప్రియ పాడుతూ ఉంటే చరణం చరణానికీ తెల్లవారుతూ వస్తుంది. కళ్యాణి ఒక్కో డిమ్మర్నీ పైకి నెట్టింది. నీలం పోయి ఎరుపు, ఎరుపు పోయి ఎండ వచ్చాయి. పాట అయిపోయింది.

"వన్స్ మోర్!" అని ఈలలు మొదలయ్యాయి. మన జనం సంగతి తెలిసిందేగా, పాట నచ్చితే చచ్చిపడిన పాత్రనైనా లేపి మళ్లీ పాడిస్తారు. సమాజం సంగీతకారుడు మురళీకృష్ణ అప్పుడే హార్మోనియం అందుకున్నాడు. రిహార్సల్లో వన్స్ మోర్ అడిగేవాళ్లెవరు? కళ్యాణి ఆ ఊసే మరిచింది. స్టేజీ మీద ఎండ మండిపోతోంది, పాటేమో చీకటితో మొదలవుతుంది.

టక్కున ఆర్పితే కరెంటు పోయిందనుకుంటారు. ఎండలోనే పాడనిస్తే ఇంతసేపూ చేసిందంతా అబద్ధమైపోతుంది. హార్మోనియం సాగుతున్నంతసేపూ ఆమె డిమ్మర్లను మెల్లగా కిందికి లాగింది. ఎండ ఎరుపైంది, ఎరుపు నీలమైంది. పొద్దు వచ్చిన దారినే వెనక్కి వెళ్లింది. ఈలలు ఆగిపోయాయి. పద్మప్రియ ఆ చీకట్లో మళ్లీ గొంతెత్తింది. రెండోసారి తెల్లవారుతుంటే ముందు వరుసలో ఎవరో వెక్కివెక్కి ఏడ్చారు.

ఆట ముగిశాక మంగ్లి తెర వెనక్కి వచ్చింది. కొంగుతో కళ్లు తుడుచుకుంటూ లైట్ బోర్డు వైపు చాలాసేపు చూసింది.

"పొద్దును ఎనక్కి పంపింది నువ్వేనా?"

"అవ్ యాడీ, నేనే," అని తల్లితో అంది కళ్యాణి.

మంగ్లి చెయ్యి చాపి ఒక డిమ్మర్‌ను భయంభయంగా తాకింది.

"మిల్లోళ్లకు నేనే చెప్త. పొద్దు పొడిపించే పని ఇడిసిపెట్టి నా బిడ్డ రాదని."